తెర మీది తొలి ఉలికిపాటు: సామిక్కణ్ణు విన్సెంట్ జీవితకథ

కోయంబత్తూరు నగరంలో టౌన్‌హాలు సమీపాన వెరైటీ హాల్ రోడ్డు అని ఒక వీధి ఉంది. నిత్యం వేలాది మంది నడిచే ఆ వీధికి ఆ పేరు ఎలా వచ్చిందో ఆలోచించేవారు అరుదు. 1914లో అక్కడ వెలసిన వెరైటీ హాల్ అనే చిత్రశాలే ఆ పేరుకు మూలం. దానిని కట్టించినవారు సామిక్కణ్ణు విన్సెంట్. దక్షిణ భారతదేశంలో చలనచిత్రాన్ని ఊరూరా మోసుకువెళ్ళిన తొలి మనుషుల్లో ఆయన ఒకరు.

ఆయన మాతృభాష తమిళం, మతం క్రైస్తవం. అటువంటి వ్యక్తి జీవితకథ తెలుగు వారపత్రికలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో నాలుగైదు వందల ఏళ్ళ క్రితమే స్థిరపడిన తెలుగువారి సంఖ్య స్వల్పమేమీ కాదు. నల్లరేగడిలో పత్తి పండించిన కమ్మవారు, మదురై నాయక రాజుల వెంట వచ్చిన బలిజలు, పశువులను తోలుకుంటూ వచ్చి మెట్టనేలలను సాగుచేసిన కంబళ నాయకులు, చర్మకారవృత్తి చేసిన అరుంధతీయులు, మగ్గం నమ్ముకున్న దేవాంగులు, వీరందరూ అక్కడివారే. విన్సెంట్ డేరా ముందు, ఆ తరువాత ఆయన చిత్రశాల ముందు నిలబడిన జనంలో మనవారూ ఉన్నారు. ఆయన కథ సగం ఆయనది, సగం ప్రేక్షకులది.

ఇంకొక కారణం కూడా ఉంది. దయ్యాల సినిమాలు ఈ కాలపు జనాన్ని నిజంగా భయపెడుతున్నాయా అన్న వాదన ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినవస్తోంది. తాతలు వణికిన దృశ్యాలను చూసి మనవలు నవ్వుతున్నారు. మనవలకు నచ్చిన బొమ్మలు తాతలకు వట్టి గోలగా తోస్తున్నాయి. తెర మీది బొమ్మ మనిషిని ఎంతకాలం ఉలిక్కిపడేలా చేయగలదన్న ఈ ప్రశ్న విన్సెంట్‌కు చర్చనీయాంశం కాదు, జీవనోపాధి. ఒక ఊరి జనం ఉలికిపడటం మానేసిన రోజున ఆయన డేరా ఎత్తవలసి వచ్చేది.

సామిక్కణ్ణు విన్సెంట్ 1883 ఏప్రిల్ 18న కోయంబత్తూరులో జన్మించారు. ఆనాటి కోయంబత్తూరు నేటి పారిశ్రామిక నగరం కాదు. 1888లో వెలసిన నూలు మిల్లు, చుట్టూ పత్తి చేలు, బావుల మీద కపిల తోలే ఎడ్లు, సంతలు. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని పీడించిన మహాకరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉన్న కాలమది. విన్సెంట్ చదువుకుని తిరుచిరాపల్లి చేరి, సౌత్ ఇండియన్ రైల్వే కార్యాలయంలో నక్షాలు గీసే ఉద్యోగంలో కుదురుకున్నారు. నెల జీతం, స్థిరమైన కొలువు. ఆ రోజుల్లో రైల్వే ఉద్యోగమంటే ఊరంతా గౌరవించే పదవి. ఆయన కథ అక్కడితో ఆగిపోయి ఉంటే మనకు ఆయన పేరు కూడా తెలిసేది కాదు.

1905లో డ్యూపాంట్ అనే ఫ్రెంచివాడు చలనచిత్ర యంత్రాన్ని, కొన్ని చిన్న చిత్రాలను వెంటబెట్టుకుని ఊరూరా ప్రదర్శనలు ఇస్తూ తిరుచిరాపల్లి వచ్చాడు. అక్కడ జబ్బుపడ్డాడు. ప్రయాణం సాగించే ఓపిక లేక, యంత్రాన్ని అమ్మి స్వదేశం వెళ్ళిపోవాలని నిశ్చయించాడు. కొనేందుకు ముందుకు వచ్చినవాడు ఇరవై రెండేళ్ళ రైల్వే గుమాస్తా. తన జీతానికి ఎన్నో రెట్లు మించిన మొత్తాన్ని ఎలాగో సమకూర్చి, యంత్రాన్నీ, రీళ్ళనూ సొంతం చేసుకుని విన్సెంట్ ఉద్యోగానికి రాజీనామా చేశారు. రీళ్ళలో ముఖ్యమైనది ఏసుక్రీస్తు జీవితాన్ని చూపే చిత్రం.

ఈ నిర్ణయంలోని సాహసం నేటి వారికి సులభంగా అర్థం కాదు. చలనచిత్రం పుట్టి అప్పటికి పదేళ్ళే. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకుని తొలి ప్రదర్శన ఇచ్చారు. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్‌లో అదే వింతను చూపారు. మద్రాసు కూడా మరికొద్ది కాలానికే చూసింది. అయితే ఇవన్నీ నగరాల ముచ్చట్లు. పల్లెటూరి మనిషికి తెర మీద బొమ్మ కదులుతుందన్న సంగతే తెలియదు. తెలియనిదాన్ని అమ్ముకుని బ్రతకవచ్చునని ఆ యువకుడు నమ్మాడు.

లూమియేర్ల తొలి చిత్రాలలో స్టేషన్‌లోకి రైలు వచ్చే దృశ్యం ఒకటుంది. ఆ రైలు తమ మీదికే వస్తోందని భ్రమించి ప్రేక్షకులు కుర్చీలు వదిలి పరుగెత్తారన్న కథ లోకమంతా వ్యాపించింది. అది జరిగిందనడానికి గట్టి ఆధారం లేదని చరిత్రకారులు తరువాత తేల్చారు. మన ప్రాంతం సంగతే ఆలోచించండి. 1860లలోనే పోదనూరు మీదుగా రైళ్ళు నడిచాయి. తిరుచిరాపల్లి నుంచి మదురై మీదుగా తూత్తుకుడి దాకా 1870లలో పట్టాలు పడ్డాయి. రైలు రావడం ఆ ఊళ్ళ జనానికి కొత్త కాదు. చప్పుడు లేకుండా, పొగ వాసన లేకుండా, గుడ్డ మీద రావడం కొత్త. మనిషి ఉలికిపడ్డాడంటే ప్రాణభయం వల్ల కాదేమో, తన కన్ను తనను మోసగించిందన్న ఎరుక వల్లనేమో. రైళ్ళ నక్షాలు గీసిన విన్సెంట్‌కు ఈ తేడా మరొకరి కంటే బాగా తెలిసి ఉండాలి.

ప్రదర్శన ఎలా సాగేదో కొంత చెప్పుకోవాలి. సంత మైదానంలోనో, గుడి తేరు నిలిచే చోటనో డేరా వేసేవారు. యంత్రాన్ని చేతితో తిప్పాలి. తిప్పే చేతి వేగం తగ్గితే తెర మీది మనుషులు నీళ్ళలో నడిచినట్టు నడుస్తారు, పెరిగితే కోతుల్లా గెంతుతారు. చిత్రం మూగది కనుక పక్కన ఒకరు నిలబడి కథ చెప్పాలి. తోలుబొమ్మలాటలో తెర వెనుక నుంచి సూత్రధారి చెప్పిన పద్ధతినే ఇక్కడ తెర పక్కన నిలబడిన వ్యాఖ్యాత కొనసాగించాడు. అందువల్ల మన పల్లెల వారికి చలనచిత్రం పూర్తిగా అపరిచితంగా తోచలేదని నా అభిప్రాయం. దీపం ముందు తోలుబొమ్మ కదిలితే నీడ కదిలేది. ఇక్కడ బొమ్మను ఆడించే చేయి కనబడదు, అంతే.

ఆ కాలపు క్రీస్తు చిత్రాలలో దేవదూతలు ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతారు, మరుక్షణం మాయమవుతారు. కెమెరాను ఒక క్షణం ఆపి, నటుణ్ణి పక్కకు తప్పించి, మళ్ళీ తిప్పడమే ఆ విద్య. తరువాత పుట్టిన దయ్యాల చిత్రాలన్నీ దశాబ్దాల తరబడి ఈ చిన్న చిట్కా మీదే బ్రతికాయి. భక్తికీ భయానికీ తెర మీద ఒకే యంత్రం, ఒకే కిటుకు. విన్సెంట్ చూపించినది భక్తి చిత్రం. చూసిన జనంలో ఎందరికి భక్తి కలిగిందో, ఎందరికి గుండె జల్లుమందో వేరు చేసి చెప్పడం కష్టం.

డేరా యజమానికి మాత్రం అసలు భయం వేరొకటి ఉండేది. అది నిప్పు. ఆనాటి ఫిల్ము ఇట్టే అంటుకునే పదార్థంతో తయారయ్యేది. దీపపు వేడి ఒక్కచోట కొద్దిసేపు తగిలితే చాలు. 1897 మే నెలలో పారిస్‌లోని ఒక ధర్మసంతలో చలనచిత్ర యంత్రం దీపం దగ్గర నిప్పు రగిలి నూరుమందికి పైగా మరణించారు. గుడ్డ డేరాలో, గడ్డి పరచిన నేల మీద వందలమంది కిక్కిరిసి కూర్చున్నప్పుడు యంత్రం తిప్పేవాని కళ్ళు తెర మీద ఉండవు, దీపం మీద ఉంటాయి. 1918లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రదర్శనశాలలకు లైసెన్సు నిబంధన పెట్టడానికి ఒక ముఖ్యకారణం ఈ అగ్నిభయమే. అదే చట్టం ద్వారా చిత్రాల సెన్సారు కూడా మొదలైంది.

తిరుచిరాపల్లి నుంచి బయలుదేరిన విన్సెంట్ కొన్నేళ్ళపాటు ఎక్కడా నిలవలేదు. తమిళ జిల్లాలు, మలబారు, ఆపై ఉత్తరాన లాహోరు, పెషావరు వరకు వెళ్ళారు. సముద్రం దాటి బర్మా, మలయా, సింగపూరులలో కూడా ప్రదర్శనలు ఇచ్చారు. నాగస్వరం ఊదుతూ ఊరూరా తిరిగే పాములవాడి వలె తిరిగారంటే ఆయనను చిన్నబుచ్చినట్టు కాదు. ఆ వృత్తిలోని కిటుకే అది. ఒక ఊరిలో మొదటి రాత్రి జనం నోరు తెరుచుకుని చూస్తారు. రెండవ రాత్రి పక్కవారికి వివరిస్తారు. మూడవ రాత్రి వెనుక వరుసల్లో కబుర్లు మొదలవుతాయి. ఆశ్చర్యం ఆవిరి కాకముందే గుడారం దించి మరో ఊరు చేరాలి. ఉలికిపాటు పాలవంటిది, నిలవ ఉంచితే విరుగుతుంది. సినిమా భయం గురించి ఇప్పుడు సాగే చర్చలన్నీ కొత్తవనుకుంటాము. ఆ సత్యాన్ని 1905 నుంచి 1909 మధ్య కాలంలోనే ఒక డేరా యజమాని లెక్కల పుస్తకంలో చూసుకుని ఉంటాడు.

1909లో ఆయన మద్రాసు వచ్చి ఎస్ప్లనేడు ప్రాంతంలో ఎడిసన్స్ గ్రాండ్ సినిమా మెగాఫోన్ అనే పేరుతో డేరా నెలకొల్పారు. ఫ్రాన్సు దేశపు పాతే కంపెనీ యంత్రాలను అమ్మే వ్యాపారం కూడా చేపట్టారు. తాను నేర్చిన విద్యను దాచుకోకుండా యంత్రాలను ఇతరులకు అమ్మడం వల్ల దక్షిణాదిన సంచార ప్రదర్శకులు అనేకులు పుట్టుకొచ్చారు. సరిగ్గా ఈ కాలంలోనే మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఛాయాచిత్రకారుడిగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించి ప్రదర్శనలకు దిగారు. ఆయన కూడా ఊరూరా తిరిగారు, సింహళం, బర్మా చూశారు, చివరకు మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ చిత్రశాలలు కట్టారు. ఒకరు తెలుగు సినిమా పితామహుడిగా కీర్తి పొందగా, రెండవవారు కోయంబత్తూరు దాటితే అంతగా తెలియని పేరుగా మిగిలారు. ఇద్దరి జీవితాలు పక్కపక్కన పట్టాల వలె సాగాయి. వెంకయ్యగారు 1941లో, విన్సెంట్ 1942లో కన్నుమూశారు.

పదేళ్ళ సంచారం తరువాత విన్సెంట్ స్వస్థలానికి తిరిగివచ్చి 1914లో వెరైటీ హాల్ కట్టించారు. దక్షిణ భారతదేశపు తొలి శాశ్వత చిత్రశాలల్లో అది ఒకటి. ఆ హాలు కోసం ఆయన సొంతంగా విద్యుత్తు పుట్టించే ఇంజను నెలకొల్పారు. పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు చేరింది 1930లలో. అంతకు పదిహేనేళ్ళకు పైగా ముందే ఆ వీధిలో విద్యుద్దీపం వెలిగింది. సాయంత్రం చీకటిపడితే ఆముదపు దీపాల ఇళ్ళ మధ్య ఆ ఒక్క వెలుగు ఎంత దూరం కనిపించేదో ఊహించుకోవచ్చు. చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవారు బొమ్మ కంటే ముందు ఆ వెలుగును చూసి నిలబడిపోయి ఉంటారు.

డేరా నుంచి భవనానికి మారడంతో ఆయన వ్యాపారసూత్రమే తారుమారైంది. ఇంతకాలం ప్రేక్షకులు మారేవారు, చిత్రం అదే ఉండేది. ఇప్పుడు ప్రేక్షకులు వారే, చిత్రం మారాలి. ఆ రోజుల్లో దక్షిణాది చిత్రశాలల్లో అమెరికా నుంచి వచ్చిన సీరియల్ చిత్రాలు బాగా ఆడాయి. ఎడ్డీ పోలో అనే సాహసనటుడి పేరు ఇంగ్లీషు ముక్క రాని బండివాళ్ళ నోట కూడా పలికేది. ప్రతి భాగం చివర నాయకుడు కొండ అంచున వేలాడుతుండగా ఆట ముగుస్తుంది. మిగతాది వచ్చేవారం. వారపత్రికల్లో సీరియల్ నవలలు వ్రాసేవారందరూ ఆ చిత్రాలకు ఋణపడి ఉన్నారని సవినయంగా మనవి.

ఇక్కడ ఆ ఊరి ప్రేక్షకుల స్థితి గురించి చెప్పకపోతే కథ అసంపూర్ణమవుతుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో కోయంబత్తూరును ప్లేగు పదేపదే పీడించింది. ఇళ్ళు ఖాళీ చేసి జనం పొలాల్లో పాకలు వేసుకున్నారు. ఎలుక చచ్చి పడితే వీధి వీధంతా కదిలేది. ఆ భయం నుంచి పుట్టిన దేవత ప్లేగు మారియమ్మన్. ఆ పేరుతో కోయంబత్తూరులో నేటికీ గుళ్ళున్నాయి. గడచిన నెలలో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాడు ఈ నెల వెరైటీ హాల్‌లో కూర్చుని తెర మీది కత్తియుద్ధం చూసేవాడు. అతనికి ఆ తెర భయం పుట్టించిందా, భయం మరపించిందా? రెండవదే నిజమని నాకు తోస్తుంది. నిజమైన భయం గుమ్మంలో కూర్చున్న కాలంలో తెర మీది భయం ఒక విశ్రాంతి.

తెలుగు కుటుంబాలకు ఇంకొక పరిచిత భయం ఉండేది. తెల్లవారుజామున చిన్న డమరుకం మోగించుకుంటూ వచ్చే కుడుకుడుప్పై నాయకుడు. జక్కమ్మ పేరు చెప్పి, రాత్రి శ్మశానంలో గడిపి వచ్చానని, ఇంటికి జరగబోయేది చూశానని పలికేవాడు. మన జిల్లాలలో బుడబుక్కలవాడు చేసే పని అదే. వీధిలో తమిళంలో జోస్యం చెప్పిన ఆ మనిషి తన ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. దుప్పటి తల మీదికి లాక్కుని ఆ డమరుకం దూరమయ్యేదాకా ఊపిరి బిగబట్టిన పిల్లలకు అతడు తమ భాషవాడేనని తెలియదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, కథ చివర మళ్ళీ అవసరపడుతుంది.

1931లో చిత్రం మాట్లాడింది. తమిళంలో తొలి టాకీగా చెప్పుకునే కాళిదాస్ చిత్రానికి దర్శకుడు తెలుగువాడైన హెచ్. ఎం. రెడ్డి. అందులో నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో బదులిచ్చాడు. ఆ వింతను చూసి నేటివారు నవ్వవచ్చు. కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ళలో అది నిత్యకృత్యం. తల్లి ఒక భాషలో పిలిస్తే కొడుకు మరో భాషలో పలుకుతాడు.

మూగచిత్రాల యుగపు మనుషులు చాలామంది టాకీల రాకతో చతికిలపడ్డారు. విన్సెంట్ మాత్రం చిత్రనిర్మాణంలోకి దిగారు. కలకత్తాలోని పయనీర్ ఫిల్మ్ కంపెనీతో కలిసి 1933లో వళ్ళి తిరుమణం నిర్మించారు. నాయిక మళ్ళీ టి. పి. రాజలక్ష్మే. చిత్రం బాగా ఆడింది. 1935లో మరికొన్ని పౌరాణికాలు వచ్చాయి. ఆ దశాబ్దం నడుమ కోయంబత్తూరులో సెంట్రల్ స్టూడియోస్ వెలసింది. మిల్లు యజమాని బి. రంగస్వామి నాయుడు, దర్శకుడు ఎస్. ఎం. శ్రీరాములు నాయుడు ప్రభృతులతో పాటు విన్సెంట్ కూడా అందులో భాగస్వామి. పత్తి సొమ్ము, తెలుగు నాయుళ్ళ పెట్టుబడి, ఒక తమిళ క్రైస్తవుని అనుభవం కలిసి మద్రాసుకు పోటీగా ఒక చిత్రనగరాన్ని నిలబెట్టాయి. కొద్దికాలానికి విన్సెంట్ వ్యాపారభారాన్ని కుమారునికి అప్పగించి విశ్రాంతి తీసుకున్నారు. 1942 ఏప్రిల్ 22న, యాభై తొమ్మిది నిండిన నాలుగవ నాడు, మరణించారు. వెరైటీ హాల్ తరువాతి కాలంలో డిలైట్ అనే పేరుతో నడిచింది.

ఆయన పోయిన తొమ్మిదేళ్ళకు అదే సెంట్రల్ స్టూడియోస్‌లో జూపిటర్ సంస్థ మర్మయోగి చిత్రాన్ని తీసింది. దర్శకుడు కె. రామ్‌నాథ్. ఎం. జి. రామచంద్రన్ నాయకుడు, మన అంజలీదేవి రాజ్యాన్ని కాజేసిన ఊర్వశి పాత్రధారిణి. ఆమె నీళ్ళపాలు చేసిన రాజు దయ్యమై వచ్చి వెంటాడే దృశ్యాలు అందులో ఉన్నాయి. 1951 ఫిబ్రవరిలో విడుదలైన ఆ చిత్రానికి సెన్సారువారు పెద్దలకు మాత్రమే అనే ధ్రువపత్రం ఇచ్చారు. తమిళంలో అటువంటి ధ్రువపత్రం పొందిన తొలి చిత్రం అదే. కారణం ఆ దయ్యపు దృశ్యాలు. ఇందులో చమత్కారమేమంటే కథలో రాజు చావలేదు, దయ్యం దయ్యమే కాదు. లేని దయ్యానికి భయపడి పిల్లలను హాలు బయట నిలిపారు. ఈనాడు ఆ చిత్రాన్ని ఐదేళ్ళ పిల్లవాడికి చూపితే సగంలో లేచి ఆడుకోవడానికి వెళతాడు. అదే సంవత్సరం మార్చిలో పాతాళభైరవి వచ్చింది. నేపాళ మాంత్రికుణ్ణి చూసి జడుసుకున్న తరం అతణ్ణి ప్రేమించడం కూడా నేర్చుకుంది.

అప్పటి నుంచి ఇప్పటికి భయం ధర పెరుగుతూనే ఉంది. 1960లో సైకో, 1973లో అమెరికాలో జనం మూర్ఛపోయారని వార్తలకెక్కిన ఎక్సార్సిస్ట్, మన వైపు విఠలాచార్య అస్థిపంజరాలు, 1992లో రాత్రి, 2009లో అరుంధతి. ప్రతి ఒక్కటీ ముందుదాని కంటే మోతాదు పెంచింది. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే మెడ బిగుసుకోవడం, కన్ను మూసుకోవడం శరీరధర్మం. అది బుద్ధి కంటే వేగంగా జరుగుతుంది. కాబట్టి ఈనాటి ప్రేక్షకుడు కూడా ఎగిరిపడతాడు. అదే చప్పుడు పదిసార్లు వింటే శరీరం కూడా అలవాటు పడుతుంది. సెల్‌ఫోనులో దినమంతా అటువంటి బొమ్మలు చూసే పిల్లలకు మిగిలింది ఎగిరిపాటు మాత్రమే, వెంటనే నవ్వు. విన్సెంట్ మూడవ రాత్రి చూసిన జనమే వీరు. తేడా ఒక్కటే, డేరా ఎత్తుకుని వెళ్ళడానికి ఇప్పుడు మరో ఊరు మిగలలేదు.

అయితే తెలిసిన దృశ్యం భయపెట్టదన్న మాట పూర్తిగా నిజం కాదు. కోయంబత్తూరు దాటి కావేరి వెంట తూర్పుగా వెళితే తంజావూరు జిల్లాలో మెలట్టూరు అనే ఊరుంది. నాయక రాజుల కాలంలో తెలుగు బ్రాహ్మణులకు ఇచ్చిన అగ్రహారం. అక్కడ మెలట్టూరు వెంకటరామశాస్త్రి వ్రాసిన ప్రహ్లాద నాటకాన్ని నరసింహ జయంతి ఉత్సవంలో తెలుగులోనే ఆడతారు. నరసింహుని ముఖాన్ని ఏడాదంతా గుడిలో ఉంచి పూజిస్తారు. దానిని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. తెల్లవారుజామున ఆ ముఖం వెలుపలికి వచ్చేటప్పుడు అతణ్ణి పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా నిలబడతారు. స్తంభంలోంచి ఏమి వస్తుందో తెలియనివారు ఆ పందిట్లో ఒక్కరూ ఉండరు. అయినా చేతులు వాటంతట అవే జోడవుతాయి, ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ ముఖం వారికి బొమ్మ కాదు. విన్సెంట్ చూపిన క్రీస్తు చిత్రం ముందు మోకరిల్లిన ప్రేక్షకుడు ఉంటే, అతనిది కూడా ఇదే స్థితి.

2005 ఏప్రిల్‌లో చంద్రముఖి విడుదలైంది. మూలమైన 1993 నాటి మలయాళ చిత్రంలో ఆవహించే నర్తకి తంజావూరు తమిళ స్త్రీ. మలయాళీలను భయపెట్టడానికి తమిళం వాడారు. తమిళంలోకి వచ్చేసరికి ఆమె విజయనగరం నుంచి వచ్చిన తెలుగు నర్తకి అయింది. తమిళులను భయపెట్టడానికి తెలుగు వాడారు. పొరుగువారి భాష అర్ధరాత్రి మన ఇంటి ఆడపడుచు నోట వినబడటం కంటే గగుర్పాటు వేరే ఉండదని ఆ రచయితలు గ్రహించారు. అది మేకప్‌తో, చప్పుడుతో సాధించిన భయం కంటే లోతైనది.

మరి ఆ పొరుగు భాషే ఇంటి భాష అయిన ప్రేక్షకుల మాటేమిటి? ఆ వేసవిలో కోయంబత్తూరు శివారులోని ఒక హాలులో ఈ వ్యాసకర్త ఆ చిత్రం చూడటం తటస్థించింది. ముందు వరుసలో ఒక తెలుగు కుటుంబం కూర్చుంది. అవ్వ, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు. నాయిక కళ్ళు పెద్దవి చేసి తెలుగులో గద్దించగానే హాలంతా చప్పబడింది. అవ్వ మాత్రం ముందుకు వంగి, మాట స్పష్టంగా ఉంది కదా అన్నట్టు తల ఊపుతూ విన్నది. ఆమె ముఖంలో భయం ఛాయ లేదు. పిల్లలు మాత్రం ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. వారు బడిలో తమిళం చదివినవారు. అవ్వ మాట్లాడే భాషలో దయ్యం మాట్లాడుతోందని గ్రహించారు కానీ ఏమి మాట్లాడుతోందో అందలేదు.

ఆట వదిలాక అదే బస్సులో తిరిగి వచ్చాము. చిన్న పిల్ల అవ్వ ఒడిలో తల పెట్టుకుని, ఆ నర్తకి అన్న మాటలకు అర్థమేమిటని తమిళంలో అడిగింది. అవ్వ కోయంబత్తూరు తెలుగులో మొదలుపెట్టి, పిల్లకు అర్థం కాని చోట ఆగి, తమిళం కలిపి, మళ్ళీ తెలుగులోకి వచ్చి ఒక్కొక్క మాటా చెప్పుకుంటూ వచ్చింది. వారు దిగవలసిన ఊరు వచ్చేసరికి ఇంకా సగం మిగిలే ఉంది.